మంచం పట్టెకి కట్టిన నాబు

నా చిన్నప్పుడు రాయగడ రైల్వే కాలనీలో పగటిపూట గట్టిగా నవ్వాలంటే ముందు పక్కింటి గుమ్మం వైపు చూడాల్సి వచ్చేది. అక్కడ నల్ల బూట్లు ఉన్నాయంటే మేం పెదనాన్న అని పిలిచే రైలు డ్రైవరుగారు డ్యూటీ దిగి వచ్చి పడుకున్నారని అర్థం. కొత్తగా వేసిన కోరాపుట్ లైను మీద ఆయన రాత్రంతా గూడ్సు బండి నడిపేవారు. సొరంగాలు, మలుపులు, ఘాట్ దిగుడు, వెనకాల నిండు వ్యాగన్లు. తెల్లారినా ఆ చప్పుడు ఆయన చెవుల్లోంచి దిగేది కాదట. అందుకని మా రెండిళ్లలో పప్పు రుబ్బడం, బట్టలు బండకేసి ఉతకడం, నా నోరు, ఈ మూడూ ఆయన నిద్ర లేచేదాకా ఆగాలి. మొదటి రెండూ ఆగేవి.

ఆయన కూతుర్ని నేను అక్కా అని పిలిచేదాన్ని. కాలేజీలో చదివేది. బదిలీ మీద వెళ్లిపోతూ స్టేషన్ మాస్టరుగారి అమ్మాయి ఒకామె తన ఎలక్ట్రిక్ గిటారు అక్కకి ఇచ్చేసి వెళ్లింది. ఆ గిటారు ఒక్కటీ ఉంటే లాభం లేదు. శబ్దం పెంచే యాంప్లిఫయరు పెట్టెకి తగిలించకపోతే తీగల చప్పుడు దోమ రొదలా ఉంటుంది. అక్క ఎవరిదో పాత మైక్‌సెట్ అడిగి తెచ్చుకుంది. దాన్ని తగ్గించి పెడితే పాట చలికి ముడుచుకు పడుకున్నట్టు వినిపించేది. పెంచితేనే ప్రాణం వచ్చేది. లోకో షెడ్డులో విశ్వకర్మ పూజ సాయంత్రం వాయిస్తానని అక్క అప్పటికే పేరు ఇచ్చేసింది. పాట కుదరడంలేదని ఒక మధ్యాహ్నం కాస్త పెంచింది.

పెదనాన్న లుంగీతోనే బయటికొచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇంకోపాలి నా నిద్ర పాడయిందంటే, ఆ గిటారు ఇంజన్లో ఏసుకెళ్లి కకిరిగుమ్మ దాటేక సొరంగంలో పడీసొస్తాను!" అన్నారు.

పిట్టగోడ ఇవతల నేనున్నాను. ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? "మీ ఇంజను కూతకి మాకు రోజూ మెలకువొచ్చేస్తాది పెదనాన్నా. మేం మీ ఇంజన్ని సొరంగంలో పడీసేమేటి?" అన్నాను.

అమ్మ నా జడ పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. నా మాటలో తప్పేముందో ఇప్పటికీ నాకు తెలియదు. కాకపోతే ఆ మాటవల్ల అక్కకి ఒరిగిందేమీ లేదు. గిటారు బీరువా మీదికి ఎక్కింది. అక్క కళ్లు తుడుచుకుని, పూజవాళ్లకి తన పేరు తీసేయమని ఎలా చెప్పాలా అని ఆలోచించసాగింది.

ఆ ఆదివారం మా మావయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు. కోరాపుట్ అవతల ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో టెక్నీషియన్. ఎవరింట్లో రేడియో మూగబోయినా బాగుచేసి పెట్టేవాడు. నేను ఆవేశంగా కథంతా చెప్పాను. మావయ్య పక్కింటికెళ్లి న్యాయం అడుగుతాడని నా ఆశ. మావయ్య చేపల పులుసులో ముళ్లు తీసుకుంటూ అంతా విని, ఒక్కటే అడిగాడు. "పక్కింటాయన మంచం ఏ గదిలో ఉంటాదే అమ్మీ?"

దానికీ దీనికీ ఏం సంబంధమని నేను వాదించాను. మావయ్య ఇంకో చేప ముక్క వడ్డించుకున్నాడు.

తర్వాతి ఆదివారాలు మా వరండా నిండా గుగ్గిలం పొగ, సోల్డరింగ్ వాసన. సామాను వచ్చిన దేవదారు పెట్టె పలకలు కోసి డబ్బా కట్టాడు. ముందు స్పీకరు బిగించాడు, లోపల తన దగ్గరున్న పాత మైక్‌సెట్‌లోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మరు. ఇంట్లో వాయించుకోవడానికీ, చిన్నపాటి సభలో వాయించడానికీ ఒకటే పెట్టె కావాలంటే చిక్కెక్కడుందో నాకు ఓపిగ్గా చెప్పాడు. అలాంటి పెట్టెలు లోపల కాస్త గట్టిగా అరిస్తేనే శబ్దంలో నిండుతనం వస్తుందట. అరుపునే తగ్గిస్తే పాట పేలవమైపోతుంది. అందుకని లోపల దాన్ని అరవనిచ్చి, స్పీకరుకి వెళ్లే దారిలో అడ్డం పెట్టి, బయటికి ఎంత రావాలో అక్కడ తేల్చాలి. ఆ అడ్డానికి ఒక నాబు. పెట్టె వెనకాల ఒక స్విచ్. కిందికి వేస్తే శబ్దం నాబు మీదుగా వస్తుంది, చివరికంటా తిప్పినా గది నిండేంతే, అది ఇంటికి. పైకి వేస్తే నాబుతో పని లేకుండా నేరుగా స్పీకరుకి వెళ్తుంది, అది సభకి.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మావయ్య ఆ నాబుని పెట్టెకి బిగించలేదు. చిన్న రేకు డబ్బాలో పెట్టి, దానికి పొడుగాటి తీగ అతికాడు. నాబు మీద తెల్ల పెయింటుతో చుక్క పెట్టాడు. తీగని అక్క గదిలోంచి వెంటిలేటరు మీదుగా అవతలి గదిలోకి దింపి, రేకు డబ్బాని తీసుకెళ్లి పెదనాన్న మంచం పట్టెకి, సరిగ్గా కుడిచెయ్యి అందేచోట కట్టాడు.

"గురువుగారూ, ఇది మీది. పాప వాయించినప్పుడు మీకెంత కావాలో అంతే ఉంచుకోండి. వద్దనుకుంటే పూర్తిగా ఆపీండి. ఎవులూ ఏటీ అనరు" అన్నాడు.

పెదనాన్న అనుమానంగా నాబు తిప్పి చూశారు, సున్నాకి తెచ్చారు, అటు తిరిగి పడుకున్నారు.

వీధిలోకి రాగానే నేను మావయ్య మీద విరుచుకుపడ్డాను. "ఉరితాడు ఆయన సేతికే ఇచ్చీసేవేటి మావయ్యా! ఇంక జన్మలో తిప్పరు."

"తిప్పకపోతే తిప్పరు" అన్నాడు మావయ్య, బస్సుకి టైమయిందని సంచీ భుజాన వేసుకుంటూ.

మజ్జిగ ఇచ్చే నెపంతో రోజూ పక్కింటికెళ్లి ఆ తెల్లచుక్క చూసి రావడం నా పని. మొదట్లో అది సున్నా దగ్గరే ఉండేది. అక్క గిటారు బీరువా మీంచి దించుకుని, గోడ అవతల ఆ దోమ రొదతోనే సాధన చేసేది. ఒకరోజు చుక్క కొంచెం జరిగింది. పొరపాటున చెయ్యి తగిలిందనుకున్నాను. మర్నాడు వెనక్కి రాలేదు, ఇంకొంచెం జరిగింది. కాలనీలో బట్టలు ఆరేసుకునే ఆడవాళ్లకి కూడా తెలియనంత మెల్లగా, కానీ నిండుగా, ఆ ఇంట్లో పాట మొదలైంది.

ఒక మధ్యాహ్నం నేను అక్క పక్కనే ఉన్నాను. పాటలో ఒకచోట ఆమె ప్రతిసారీ తడబడేది. మూసిన తలుపు అవతల నుంచి పెదనాన్న గొంతు వినిపించింది. "ఏటమ్మీ అది? ఆ మలుపు కాడికొచ్చేసరికి తొందరెందుకు నీకు? దిగుడులో బండిని వదిలీకూడదు. బ్రేకు మీద సెయ్యుంచుకుని దించు."

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్క వేళ్లు నెమ్మదించాయి. ఆ మలుపు తప్పు లేకుండా దాటింది. కాసేపటికి అవతల నుంచి గురక వినిపించింది.

అక్క తన పేరు తీయించుకోలేదు. విశ్వకర్మ పూజ సాయంత్రం షెడ్డు నిండా జనం. బంతిపూల దండలు వేసిన ఇంజను ముందు బల్లలు కలిపి వేదిక వేశారు. పక్కనే జనరేటరు హోరెత్తుతోంది. మావయ్య పెట్టె వెనకాల స్విచ్ పైకి వేయబోతుంటే అక్క ఆపింది. "వద్దు మావయ్యా. నాబు నాన్నకియ్యి" అంది.

మావయ్య తీగ పరిచి, తోటి డ్రైవర్ల మధ్య ముందు వరసలో కూర్చున్న పెదనాన్న ఒళ్లో రేకు డబ్బా పెట్టాడు. ఆయన సిగ్గుపడ్డారు. పక్కనున్నాయన, "ఏటి గురూ, ఇక్కడా డ్యూటీయేనా?" అని నవ్వాడు.

అక్క మొదలుపెట్టింది. జనరేటరు హోరులో ఏమీ వినపడలేదు. వెనక వరసలవాళ్లు కబుర్లలో పడ్డారు. పెదనాన్న నాబు కొంచెం తిప్పారు. ఇంకొంచెం తిప్పారు. తెల్లచుక్క పైకొచ్చింది, అవతలికి దిగింది, చివరికంటా వెళ్లి ఆగింది. ఆయన వేళ్లు మాత్రం ఆగలేదు. ఇక తిరగని నాబుని నొక్కి నొక్కి తిప్పుతూ, ఉన్నట్టుండి లేచి నిలబడి మావయ్య మీద అరిచారు. "ఇంతేనేటయ్యా నీ పెట్టి? ఇంకా లేదేటి? మా పిల్లది ఎవులికీ ఇనపడ్డం లేదు!"

మావయ్య పెట్టె వెనక్కి చెయ్యిపోనిచ్చి స్విచ్ పైకి వేశాడు. పాట షెడ్డు రేకులదాకా లేచింది. వెనకవాళ్లు కబుర్లు ఆపి ముందుకి తిరిగారు. మలుపు దగ్గర పెదనాన్న కుడిచెయ్యి బ్రేకు మీద ఉన్నట్టే గాలిలో నిలబడిపోయింది. అక్క నెమ్మదిగా దించింది.

మర్నాడు మావయ్యని బస్సెక్కించడానికి వెళ్తూ కూడా నేను వాదన వదల్లేదు. "ఆయన మంచోరు కాబట్టి సరిపోయింది. ఎప్పటికీ సున్నాలోనే ఉంచీసుంటే ఏటి సేసేవోడివి?"

"ఏటి సేస్తాను? ఆయన పడుకునేవోడు. పాప పాట నిజవే. ఆయన నిద్ర కూడా నిజవే కదే అమ్మీ."

నేను కాలేజీలో పాఠాలు చెప్పే వృత్తిలోకి వచ్చాను. స్టాఫ్ మీటింగుల్లో నా నోటికి జడిసేవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. గొంతు తగ్గించుకోవడం నేను నేర్చుకోలేదు, నేర్చుకోను కూడా. అయితే అనాల్సిందంతా అనేశాక, ఎదుటివాళ్ల చేతికి నాబు ఇచ్చి నా చెయ్యి వెనక్కి తీసుకోవడం మాత్రం ఆ రోజు నుంచి ప్రయత్నిస్తున్నాను. వాళ్లు సున్నాలో ఉంచినంతసేపూ నా వేళ్లు దురద పెడుతూనే ఉంటాయి. అప్పుడు 'ఆయన నిద్ర కూడా నిజవే' అన్న మావయ్య మాట గుర్తొస్తుంది. దానికి ఎదురు చెప్పాలని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. నాకు జవాబు దొరకని మాట అదొక్కటే.