అసలు టాప్ లింకు

పోయిన నెల ఒక పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఉస్తాద్ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాయన పోయిండు" అంది. ఒక్క క్షణం నమ్మలేదు. దొంగ ఫోన్లు చేసి జనాన్ని పరేషాన్ చేయడం నాకు పాత అలవాటు. నా ఆటే ఎవరో నా మీద తిరిగి ఆడుతున్నారనుకున్నాను. అటునుంచి ఆమె ఏడుపు వినిపించింది. అప్పుడు తెలిసింది నిజమేనని.

మా ఉస్తాద్ ట్రాక్టర్ల మేస్త్రి. బోయిగూడలో ఆయన షెడ్డుకూ, నా సీటు కవర్ల దుకాణానికీ మధ్య ఒకటే గోడ. షెడ్డు ముందు నీళ్ల ట్యాంకర్లు లాగే ట్రాక్టర్లు వరసగా నిలబడేవి. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఎవరైనా పాఠం మొదలుపెడితే నవ్వులాట చేసి తప్పించుకునేవాణ్ని. ఆయన దగ్గర మాత్రం నాకు తెలియకుండానే చాలా నేర్చుకున్నాను. దానికి బదులుగా ఆయన స్టూలుకు గ్రీజు పూశాను. కూర్చునే గోనె కింద హారన్ దాచాను. గొంతు మార్చి, పది ట్రాక్టర్లున్న పటేల్‌ని, వస్తున్నానంటూ ఫోన్ చేసి, ఇస్త్రీ చొక్కా వేయించి మధ్యాహ్నమంతా గేటు దగ్గర నిలబెట్టాను. అన్నిటికీ ఒకటే మాట అనేవాడు: "అయిందా? ఇగ చాయ్ చెప్పు."

షెడ్డు వెనక ఆయన సొంత బండి ఉండేది. ఆయన పుట్టకముందే సముద్రం దాటి వచ్చిన బూడిద రంగు ట్రాక్టరు. కాప్రాలో ఒకప్పుడు ద్రాక్షతోట ఉన్న చోట, పొదల్లో సగం కూరుకుపోయి దొరికిందట. పని లేనప్పుడల్లా దాని పక్కనే ఉండేవాడు. ఒకరోజు నేను, "ఇంజను ముందుంది కదా, నువ్వెప్పుడూ వెనకనే కూసుంటవేంది ఉస్తాద్?" అని ఎగతాళి చేశాను.

"అసలు కథ ఎనకనే ఉన్నదిరా" అన్నాడు. "మొదట్ల ట్రాక్టరు ఎనక ఒక్క కొక్కెమే ఉంటుండె. ఎద్దును ఇప్పిన్రు, ఆ జాగల ఇంజను కట్టిన్రు. గంతే. నాగలి పోయి బండకు తట్టిందనుకో, ఇంజను ఊకుంటదా? ముందటి చక్రాలు గాల్లకు లేస్తయ్. మొత్తం బండి తిరగబడి డ్రైవరు మీద పడ్తది. ఎంతమంది పోయిన్రో గట్ల."

"మరి ఎట్ల ఆగింది?"

"ఎవడో బుర్రున్నోడు నాగలిని మూడు తావుల పట్టిండు. లే, చూపిస్త."

నన్ను అటు తిప్పి నిలబెట్టాడు. వెనకనుంచి రెండు చేతులతో నా నడుము పట్టుకుని గుంజాడు. అదే సమయంలో నుదురు నా వీపుకు ఆనించి ముందుకు నెట్టాడు. "నడుము కాడ రెండు రాడ్లకు గుంజుడు. పైనున్న మూడోదానికి నూకుడు. నాగలి ఎంత తన్నుకుంటే అది నిన్ను అంత ముందటికి నూకుతది. చక్రాలు నేల ఇడ్వయ్." రోడ్డు అవతలి చాయ్ హోటల్లో అందరూ మమ్మల్ని చూసి నవ్వారు. ఆయనకు పట్టలేదు.

ఆ మూడో రాడ్డే టాప్ లింకు. ఆయన బండికి దాని అసలు టాప్ లింకు లేదు, బజారులో దొరికే కొత్త రకం బిగించి ఉంది. పాత ఇనుము దుకాణాలన్నీ ఏళ్ల తరబడి గాలించాడు. అక్కడే నాకు ఒక ఆట దొరికింది. తెలిసిన టర్నరు చేత అచ్చం పాతదానిలా ఒకటి చేయించాను. నెల రోజులు ఉప్పునీళ్లలో నానబెట్టి తుప్పు పట్టించాను. కాప్రా అవతల ఒక కొట్టంలో బర్రెను కట్టే గూటంగా పాతి ఉందని చెప్పి ఆయన చేతిలో పెట్టాను. వారం తర్వాత నిజం చెప్పి నవ్వుదామని నా లెక్క. ఆయన ఆ సాయంత్రమే గల్లీ అంతటికీ మిఠాయి పంచాడు. ఇక నిజం చెప్పలేకపోయాను. ఏళ్లు గడిచిపోయాయి.

రెండేళ్ల కిందట బేగంపేటలో ఒక హోటల్ ఆవరణలో పాత బండ్ల ప్రదర్శన పెట్టారు. తన ట్రాక్టరును పదిమంది నిలబడి చూడాలన్నది ఆయనకున్న ఒకే ఒక కోరిక. తెల్లారకముందే కడిగి, ఇద్దరం తీసుకెళ్లాం. గేటు దగ్గర కాపలావాడు నీళ్ల బండి అనుకుని "ట్యాంకరు ఏది?" అని అడిగాడు. లోపల కోటు వేసుకున్న పెద్దమనిషి బండి చుట్టూ తిరిగి, "బయటికి కనిపించే పార్టులన్నీ ఒరిజినలేనా?" అన్నాడు.

ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నీ గావు సార్. టాప్ లింకు మావోడు చేసిండు."

నేను చప్పున ఆయన వైపు తిరిగాను. ఆ పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు. అసలుది పెట్టుకుని మళ్లీ ఎప్పుడైనా రండి అన్నాడు. తిరుగు దారిలో వెనక కార్లన్నీ హారన్లు కొడుతున్నాయి. నేను మడ్‌గార్డు మీద కూర్చున్నాను.

"ఎప్పుడు తెల్సింది ఉస్తాద్?"

"తెచ్చిన దినమే. ఆ కాలం త్రెడ్డు, గీ మర పండ్లు, ఇంచుల లెక్క. నువ్వు మిల్లీమీటర్ల లెక్కల కోయించినవ్. నా కాడున్న నట్టు రెండు చుట్లకే పట్టేసింది. దానికి సరిపోయేది నేనే చేసుకున్న."

"మరి తిట్టకపోతివి?"

"నెల దినాలు నానబెట్టినవ్ కదరా. నా పని మీద గంత తక్లీఫ్ ఎవలు పడ్డరు?"

సార్ ముందర అబద్ధం చెప్పి ఉంటే బండి ప్రదర్శనలో నిలబడేది కదా అన్నాను. "ఇనుము నోరు తెరిచి చెప్పదు, మనమే చెప్పాలె" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం దుకాణం మూసి అసలు టాప్ లింకు కోసం ఊళ్లు తిరిగాను. ఈలోగా షుగరు ఆయన చూపును తినేసింది, వేళ్లను మొద్దుబార్చింది. షెడ్డుకు రావడం ఆగిపోయింది. చివరికి ఆయన్ని ఆస్పత్రిలో చేర్చిన వారమే నాకు అసలుది దొరికింది. ఒక కోళ్ల ఫారంలో గేటుకు అడ్డకమ్మీగా పెట్టుకున్నారు. త్రెడ్డు కొలిచే ఉస్తాద్ గేజినే దాని మీద పెట్టి చూశాను. ఇంచుల త్రెడ్డు, పళ్లలో పన్ను కూర్చుంది. పరుగున వెళ్లి మంచం మీద, ఆయన చేతుల మధ్య పెట్టాను.

"ఉస్తాద్, అసలుది దొరికింది."

"యాడ?"

"కోళ్ల ఫారంల."

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది. "పోయినసారి బర్రె. ఈసారి కోడి."

"కసమ్ ఉస్తాద్! పిల్లల మీద ఒట్టు. గేజి పెట్టి చూసిన."

"ఆఁ ఆఁ. ఈసారి బరువు మంచిగ కుదిరిందిరా."

వేళ్లతో త్రెడ్డు మీద చాలాసేపు తడిమాడు. ఏమీ తెలియడం లేదని ఆయన ముఖంలోనే కనిపించింది. కూతురు వంగి, "నాయనా, నిజమే అంటుండు" అంది. "నిన్ను సుత కలుపుకున్నడా?" అన్నాడు. ఆమె బయటికి వెళ్లిపోయింది. నర్సు వచ్చి ఆ ఇనుము తీసేయమంటే ఆయన ఇవ్వలేదు. నేను ఇంటికి బయల్దేరేటప్పుడు కూడా పక్కనే పెట్టుకుని ఉన్నాడు. నాలుగో రోజు ఫోన్ వచ్చింది.

ఇంతమందిని నమ్మించినవాణ్ని. నమ్మాల్సిన ఒక్క మనిషిని నమ్మించలేకపోయాను.

దినాలు అయ్యాక ఆయన కూతురు షెడ్డు తాళం తీసింది. నేను చేసినదాన్ని విప్పి అసలుదాన్ని బిగించాను. ఆయన దాచుకున్న ఇంచుల నట్టు చేత్తో తిప్పితే చివరిదాకా మెత్తగా వెళ్లింది. మూలనున్న నాగలిని తగిలించి ఇంజను స్టార్టు చేశాను. లీవరు ఎత్తగానే బండి వెనకున్న రెండు ఇనుప చేతులూ నాగలిని పైకి లేపాయి. నాగలి గాల్లో నిలబడింది.

"మంచిగున్నదన్నా. ఇగ బంద్ చెయ్యి" అంది ఆమె.

ఇంజను ఆపాను. నాగలిని పైన నిలిపేది ఆయిలు; దాన్ని పట్టి ఉంచే సీళ్లు పాతబడ్డాయి, ఇంజను ఆగితే ఆయిలు నిలబడదు. నాగలి దిగడం మొదలైంది. మొదట దిగుతున్నట్టే తెలియలేదు. ఆమె గోడకు ఆనుకుంది, నేను సీటు మీదనుంచి కదల్లేదు. వేలెడు, ఇంకో వేలెడు. ఎంతసేపు చూశామో తెలియదు. మొన గచ్చును తాకి, చిన్నగా చప్పుడు చేసి ఆగింది.