మా బావ తిప్పి వదిలిన నాబులు

మా అక్క ఇంట్లో ఒక సింథసైజర్ ఉంది. బావ దాన్ని విశాఖ నుంచి చింతపల్లికి తెచ్చిన రోజు, ఆ బరువుకి జీపు ముందు చక్రాలు గాల్లోకి లేచి, లంబసింగి దాకా డ్రైవరు ఆకాశంలోకి చూస్తూ నడిపాడని నేను అందరికీ చెబుతుంటాను. చెప్పగా చెప్పగా ఆ డ్రైవరు కూడా నమ్మేశాడు.

విశాఖలో మూతపడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్ల పాత అనలాగ్ మిషను అది. ఇప్పటి కీబోర్డుల్లో ఒక బటను నొక్కితే వయొలిన్ వస్తుంది, ఇంకోటి నొక్కితే వేణువు వస్తుంది. దీంట్లో ఆ మర్యాదలేవీ లేవు. వాయించే మెట్ల పైన పలక నిండా తిప్పే నాబులు. ఏది ఎంత తిప్పితే ఏ గొంతు పలుకుతుందో మనమే వెతుక్కోవాలి. దొరికిన గొంతును దాచుకునే జ్ఞాపకశక్తి దానికి లేదు. నాబులు ఉన్నచోట ఉన్నంతకాలమే ఆ గొంతు. ఒక్కటి కదిలితే పోయినట్టే.

బావ పెళ్ళిళ్లకు వాయించేవాడు. ఇంట్లో మాత్రం ఒకే ఒక్క గొంతు కోసం వెతికాడు. గూడెం కొత్తవీధి వైపు ఓ ఊళ్లో, పొగమంచులో, అవతలి కొండ మీద ధింసా ఆడుతున్నచోట ఊదిన కొమ్ము ఒకసారి విన్నాడట. మనుషులు కనపడలేదు. కొండ కూడా కనపడలేదు. కూత మాత్రం వచ్చిందట. దాన్ని ఈ మిషనులో పట్టాలని కూర్చున్నాడు. నాబులు తిప్పీ తిప్పీ వేలిముద్రలు అరిగిపోయి, రేషను షాపు మిషను ఆయన్ని గుర్తుపట్టడం మానేసింది. ఆ నెల బియ్యానికి అక్క వెళ్లి వేలు పెట్టాల్సి వచ్చింది.

చివరికి దొరికింది. లోపల రెండు గొంతులు పలుకుతాయి. రెండూ దాదాపు ఒకటే, వెంట్రుకవాసి తేడా. ఆ తేడాలో శబ్దం మెల్లగా ఊగేది. ఎవరో దూరంగా వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి చూస్తున్నట్టు ఉండేది. ఆ రోజు నుంచి బావ ఆ నాబులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, తనూ ముట్టుకోలేదు. పెళ్ళిళ్లకు వేరే కీబోర్డు కొనుక్కున్నాడు.

చలికి ఆ మిషను శ్రుతి తప్పుతుంది. మా ఊరి చలి సంగతి తెలుసు కదా, డిసెంబరులో ఆవలిస్తే నోరు మళ్లీ మూతపడడానికి ఎండ రావాలి. అందుకని బావ దాని స్టాండు కింద బొగ్గుల కుంపటి పెట్టేవాడు. "దానికి ఒళ్లు కాగాలిరా. కాగేదాకా అది అది కాదు," అనేవాడు. కుంపటి లేకుండా ఏనాడూ స్విచ్చి వేయలేదు.

కరోనా వెళ్ళిన మరుసటి ఏడాది బావ పోయాడు. నాబులు ఆయన వదిలినట్టే ఉన్నాయి. అక్క వాటి మీద ప్లాస్టరు అంటించింది. పొద్దున్నే కుంపటి రాజేసి, కాసేపాగి, స్విచ్చి వేసేది. పలికే ముందు ఆ మిషను 'మ్మ్' అని చిన్నగా మూలుగుతుంది. నిద్ర లేచి బావ గొంతు సవరించుకున్నట్టే ఉంటుంది.

"లేసేరా? టీ ఎడతన్నాను, ఉండండి," అంది అక్క మిషనుతో.

నేను ఆ మాట మొదటిసారి విన్నప్పుడు గుమ్మంలో ఒక చెప్పు విప్పి, రెండోది విప్పబోతున్నాను. దేని మీదైనా జోకు వేయగలనని నాకు పేరు. ఆ పొద్దున్న ఒక చెప్పుతోనే నిలబడిపోయాను. అక్క ఒక మెట్టు నొక్కింది. కొమ్ము పలికింది. అది ఆగాక అక్క టీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి నాకిచ్చింది. రెండోది మిషను పక్కన పెట్టింది.

ఈ మధ్య ఫోనులో ఒక వార్త కనపడింది. ఆ మిషను చేసే కంపెనీ ఇన్నేళ్లకి ఆ మోడల్ తయారీ ఆపేసిందట. ఇక విడిభాగాలు కూడా ఇవ్వరట. విశాఖలో రిపేరు చేసే ఆయనకు ఫోన్ చేశాను.

"ఉన్నదాన్ని రోజూ వెయ్యకండి సార్. వేసినకొద్దీ అరుగుద్ది. గుడ్డ కప్పి దాచుకోండి," అన్నాడు.

అక్కకు చెప్పాను. అక్క బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"దాసుకుంటే మాటాడతారేటి?" అంది.

దసరాకి పార్వతీపురం నుంచి బావ అక్క వచ్చింది. నాకు వదిన వరస. ఆవిడ తెచ్చిన అరిసెల డబ్బా ఎత్తడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ఆవిడ ప్రేమంతా ఆ కొలతలోనే ఉంటుంది. తమ్ముడి మిషనులాంటివి ఇక లోకంలో తయారుకావని అక్క చెబితే, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆయుధపూజ నాడు నేనూ అక్కా బంతిపూల కోసం బజారుకి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి మిషను తళతళలాడుతోంది. ప్లాస్టరు ముక్కలన్నీ చేటలో ఉన్నాయి. నాలుగు మూలలా పసుపు, నడుమ నిమ్మకాయ, ప్రతి నాబుకీ కుంకుమబొట్టు. బొట్లన్నీ ఒకే తీరున పైకి చూస్తున్నాయి, బడిలో ప్రార్థనకి నిలబెట్టినట్టు.

"సూడు మరిదీ, నా తమ్ముడి మిషను ఎలగుందో!" అంది వదిన. "ఒక్కోటీ ఒక్కో పక్కకి తిరిగుంటే బొట్లు వంకరగా అవుపించాయి. అన్నీ తిన్నగా తిప్పీసినాను."

అక్క పూలబుట్ట కింద పెట్టింది. స్విచ్చి వేసి మెట్టు నొక్కింది. ఘాటు మలుపులో లారీ హారను లాంటిదేదో వచ్చింది. వదిన అక్క ముఖం చూసింది.

"ఏటయింది? నానేటి సేసినాను?"

"ఏటీ లేదొదినా," అంది అక్క. "బొట్లు బాగున్నాయి."

నాబులు ఎక్కడుండేవో చూద్దామని పాత ఫొటోలన్నీ తీశాను. ప్రతిదాంట్లోనూ బావ మిషనుకి అడ్డంగా నిలబడి నవ్వుతున్నాడు. ఆయనకు అంత వెడల్పు నవ్వు ఉందని అప్పుడే తెలిసింది. ఒక్క నాబు కనపడలేదు. అదే మిషను గొంతులని చెప్పే యాప్ ఒకటి ఫోనులో దింపాను. దేశదేశాల వాళ్ళు పేర్చిన గొంతులు వందలున్నాయి. చింతపల్లి మాత్రం లేదు.

సంగతి తెలిశాక వదిన ఊరికి వెళ్ళనంది. రోజూ కుంపటి వేడిలో ముగ్గురం కూర్చునేవాళ్ళం. నేను నాబులు తిప్పేవాణ్ణి. అక్క కళ్ళు మూసుకుని వినేది.

"కాదు."

"ఇదీ?"

"గేదెలాగుంది."

"మరి ఇప్పుడు?"

"గేదె సూడితో ఉన్నట్టుంది."

వదిన ఏడుస్తూనే నవ్వింది. "నా తమ్ముడు బతికుండగా కూడా ఇంతే. పిలిత్తే బేగి పలికేవోడు కాదు," అంది. ఆఖరికి నాబులన్నీ మళ్ళీ బొట్లు పైకి వచ్చేలా తనే తిప్పి, పార్వతీపురం బస్సెక్కింది.

చలి ముదిరింది. ఒక పొద్దున్న మంచుకి బొగ్గులు చెమ్మగిల్లి కుంపటి రాజుకోలేదు. అయినా అలవాటు కొద్దీ అక్క స్విచ్చి వేసింది. 'మ్మ్' అంది మిషను. నేను ఊరికే ఒక మెట్టు నొక్కి పట్టాను. మొదట ఆ లారీయే. లోపల వేడెక్కుతున్నకొద్దీ రెండు గొంతులూ తమంతట తామే జరగడం మొదలుపెట్టాయి. ఒకదానికొకటి దగ్గరవుతూ, దగ్గరవుతూ, వెంట్రుకవాసి దూరానికి వచ్చి ఊగాయి.

అక్క చేతిలో టీ వడకట్టే జాలీ అలాగే ఆగిపోయింది.

"వేలు తియ్యకు," అంది.

తలుపు తెరిచి ఉంది. మంచు గడప దాటి లోపలికి వస్తోంది. అవతలి కొండ మీద ఎవరో వెళుతూ వెనక్కి తిరిగి చూశారు. తర్వాత ఆ గొంతులు ఒకదాన్నొకటి దాటిపోయాయి. మళ్ళీ లారీ వచ్చింది.

"ఇలగే వచ్చి, అలగ ఎల్లిపోయేరు," అంది అక్క.

ఆ దారినే కొంచెం తిప్పి చూద్దామని నాబు మీదికి చెయ్యి చాపాను. అక్క ఆ చేతి మీద టీ జాలీతోనే కొట్టింది. "ముట్టకు. ఒగ్గేయ్."

బొట్ల మీదే మళ్ళీ ప్లాస్టరు అంటించింది. కుంపటి పెరట్లోకి పోయింది. ఇప్పుడు దాంట్లో పిల్లి పడుకుంటోంది. ఒళ్లు కాగేదాకా అది అది కాదన్న మనిషి, ఇప్పుడు ఒళ్లు కాగేలోపు మాత్రమే వస్తున్నాడు. అదీ బాగా చలిగా ఉన్నరోజునే. స్విచ్చి టిక్కుమన్నప్పుడల్లా రిపేరు ఆయన మాట గుర్తొస్తుంది. లోపల ఏదో ఇంకాస్త అరిగి ఉంటుంది. నేను ఆ మాట ఎత్తను. వేసవిలో ఎలాగన్నది కూడా మేం మాట్లాడుకోం.

పొద్దున్నే పార్వతీపురానికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, మిషను మీద ఉంచుతాను. అంత దూరం నుంచి వదిన గొంతు గుసగుసగా వస్తుంది.

"వచ్చేడా?"

"ఉండొదినా," అంటుంది అక్క, గుమ్మం తలుపు బార్లా తీసి. "ఇప్పుడే లేసేరు."