మీసం జారిన మ్యాట్నీ

అరవై ఎనిమిదో సంవత్సరం వేసంగిలో నేను విజయనగరంలో ఒక నాటక సమాజానికి డ్రెస్సర్‌ని. డ్రెస్సర్ అంటే బట్టలు కట్టే మనిషే అనుకుంటారు. కిరీటాలు, భుజకీర్తులు, పూసల దండలు, సవరాలు, మీసాలు, అన్నీ డ్రెస్సరే చూసుకోవాలి. మొహం మీద రంగు మేకప్ మేన్‌ది, వెంట్రుక నాది. ఆ హద్దు ఎవరు దాటినా గ్రీన్‌రూమ్‌లో కొట్లాటే. మా ఆయన పోయాక ఆయన పెట్టెలూ, ఆయన పనీ నాకొచ్చాయి. నా చదువు మూడో క్లాసు. ఏ వేషం ఏ పెట్టెలో ఉందో మూత మీద రాయడానికి అది సరిపోయింది.

మా సమాజానికి దేవుడు భద్రయ్య. రాజు వేషం. శ్రీకాకుళం దాకా ఏ గోడ చూసినా అతని పేరు ఎర్ర అక్షరాల్లో ఉండేది. పద్యం ఎత్తుకుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. అరిస్తే అదే పద్యం మళ్ళీ పాడాలి, అది రంగస్థలం మర్యాద. కథలో రాజు చచ్చిపోయినా సరే, లేచి పాడి మళ్ళీ చావాలి. భద్రయ్య ఒక్క ఆటలో మూడుసార్లు చచ్చిన రోజులున్నాయి. ప్రతి చావుకీ నలిగిన పట్టుబట్ట మర్నాడు ఇస్త్రీ చేసింది నేనే, మెచ్చుకున్నవాళ్ళు కాదు.

అలా పాడి పాడి, మధ్యమధ్య సారా పోసి పోసి గొంతు పోగొట్టుకున్నాడు. మాట వచ్చేది, రాగం వచ్చేది కాదు. ఊరూరా ఆటలు కట్టించే కంట్రాక్టర్లేమో భద్రయ్య ఉంటేనే ఆట తీసుకుంటామనేవారు. నాటకానికి హార్మోనిస్టే పెద్ద. మా హార్మోనిస్టు నారాయణ మాస్టారు దానికో ఉపాయం కట్టాడు. కోటబొమ్మాళి నుంచి వచ్చిన సిమ్మాచలం అని ఒకడు మా దగ్గర భటుడి వేషం వేసేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. బల్లెం పట్టుకుని నిలబడడమే అతని పాత్ర. గొంతు మాత్రం భద్రయ్య మంచి రోజుల్లోని గొంతే. పద్యం వచ్చేసరికి స్టేజీ మీద వేలాడే మైకు ఆపేసి, సిమ్మాచలాన్ని పక్క తెర వెనక రెండో మైకు ముందు కూర్చోబెట్టి పాడించేవారు, భద్రయ్య ఊరికే నోరు కదిపేవాడు.

అక్కణ్ణుంచి అతనికి భద్రయ్య వీపు, చెయ్యి తప్ప ఇంకేం కనపడవు. అందుకని గుర్తులు పెట్టుకున్నారు. కుడి చెయ్యి పైకి లేస్తే ఎత్తుకోవాలి. నడుం దగ్గరికి దిగితే ఆపాలి. మధ్యలో ఏం జరిగినా రాగం ఆగకూడదు. ఒక సీజనంతా ఇలాగే నడిచింది. జనం భద్రయ్య గొంతు మునుపటికంటే బాగుందన్నారు. అతను ఆ పొగడ్త సిగ్గుపడకుండా పుచ్చుకున్నాడు.

ఇక నా సంగతి. మీసం అంటించేందుకు స్పిరిట్ గమ్ అని సీసాలో వస్తుంది. విశాఖపట్నం నుంచి తెప్పించాలి. సీసా సగమయ్యేసరికి నేను దాంట్లో తుమ్మజిగురు నీళ్ళు కలిపి నింపేదాన్ని. ఎవరూ చెయ్యమనలేదు. ఏ సీసా అయినా తరిగిపోతుంటే చూడలేను, అంతే. చలికాలంలో ఆ కల్తీ జిగురు బాగానే పట్టింది.

బొబ్బిలి కంట్రాక్టరు సినిమా హాల్లో ఆట కట్టించాడు. సాయంత్రం నుంచి హాలు సినిమాకి కావాలి కాబట్టి మా ఆట మ్యాట్నీ. మే నెల, రేకుల కప్పు, మధ్యాహ్నం మూడు గంటలు. ముందు వరసల్లో వీణలు చేసేవాళ్ళు. శ్రుతి వెంట్రుకవాసి తప్పితే తల తిప్పుకునే జనం.

తెర లేవబోతుంటే భద్రయ్య నన్ను అక్క వరసతో పిలిచి అన్నాడు, "అప్పా, మీసం జారతన్నట్టున్నాది. ఓపాలి సూడు."

"ముందు సెమట తుడుసుకో. మీసానికేటి, రాయిలాగున్నాది," అన్నాను. ఆ మాట నేనన్నదే, కాదనను.

పద్యం మొదటిసారి బాగా నడిచింది. వన్స్ మోర్. రెండోసారి రాగం మంచి ఎత్తులో ఉండగా చెమటకి తుమ్మజిగురు కరిగింది. మీసం ఎడమ కొస ఊడింది, వెంటనే మొత్తం జారి తెరిచిన నోట్లో పడింది. మింగలేక కక్కలేక, పైకెత్తిన కుడిచేత్తోనే భద్రయ్య నోరు మూసుకున్నాడు. చెయ్యి నడుం దగ్గరికి దిగలేదు. సిమ్మాచలం చెప్పినమాట తప్పే మనిషి కాదు, రాగం సాగదీశాడు. రాజు దగ్గుతున్నాడు. రాగం మాత్రం దగ్గడం లేదు.

ముందు వరసలోంచి ఒక ముసలాయన లేచి, "వన్స్ మోర్! ఈపాలి కూడా నోరు మూసుకునే పాడు బావూ!" అన్నాడు.

రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. తర్వాత తెర వెనకున్నవాణ్ణి తెమ్మన్నారు. సిమ్మాచలం బల్లెంతో సహా వచ్చి అదే పద్యం మూడుసార్లు పాడాడు.

గ్రీన్‌రూమ్‌లో భద్రయ్య ఊగిపోయాడు. "ఒరే సిమ్మా, నోరు మూసుకున్నాను, కనపడలేదేట్రా? ఎవుడు కొన్నాడ్రా నిన్ను?"

"ఈపుకి నోరుంటాదేటి మావా? నీ సెయ్యి దిగలేదు. నానెలాగ ఆపీది?"

పోటీ సమాజం వాళ్ళు సిమ్మాచలాన్ని కొనేశారనీ, ఇప్పుడే వెళ్ళగొట్టాలనీ, మరే సమాజంలోనూ వాడికి బల్లెం కూడా దొరకకుండా చెయ్యాలనీ భద్రయ్య పట్టుబట్టాడు. నారాయణ మాస్టారు అలవాటు కొద్దీ తలాడించాడు. సిమ్మాచలం భటుడి తలపాగా విప్పడం మొదలుపెట్టాడు. తలపాగా నాకు అప్పజెప్పాలి గనక నా ముందుకే వచ్చాడు.

నేను సీసా తెచ్చి మాస్టారి హార్మోనియం మీద పెట్టాను. నీళ్ళు కలిపింది నేనేనని చెప్పాను. మాస్టారు చుక్క తీసి వేళ్ళ మధ్య రుద్దాడు. చెమటకి జారిపోయింది. సిమ్మాచలాన్ని తలపాగా మళ్ళీ చుట్టుకోమన్నాడు. నన్ను ఒక సీజను పాటు కిరీటాల నుంచి తప్పించి భటుల బట్టలకి దింపాడు. డ్రెస్సర్‌కి అది పెద్ద దిగుడే.

భద్రయ్య మాత్రం నమ్మలేదు. "నన్ను పడగొట్టింది జిగురంటావేటప్పా? నిన్ను కూడా కొన్నారు," అన్నాడు. అంతటి మనిషి కుట్రలో పడిపోతే గౌరవం, జిగురులో పడిపోతే ఏం మిగిలింది?

మర్నాడు రైల్లో మమ్మల్ని గుర్తుపట్టినవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రాగాలు తీశారు. విజయనగరానికి కబురు మాకంటే ముందే చేరింది. కంట్రాక్టర్లు సిమ్మాచలాన్ని అడగడం మొదలుపెట్టారు. గోడల మీద భద్రయ్య పేరు ముందు చిన్నదయింది, తర్వాత "మరియు ఇతరులు"లో కలిసిపోయింది. ఏడాది తిరిగేసరికి శ్రీకూర్మంలో మంత్రి వేషం, మూడు మాటలు. "చిత్తం మహారాజా" అనగానే జనం వన్స్ మోర్ అన్నారు. మర్యాద మర్యాదే కాబట్టి మళ్ళీ అన్నాడు. ఆ మహారాజు సిమ్మాచలం. నవ్వకుండా నిలబడ్డాడు, అది అతని గొప్ప.

ఆ రోజు మంత్రికి మీసం నేనే అంటించాను. భద్రయ్య వేలితో రెండుసార్లు లాగి చూసుకున్నాడు. "ఇప్పుడు పట్టింది," అన్నాడు. కుట్ర సంగతి మాత్రం చివరిదాకా వదల్లేదు.

నేను నేర్చుకున్నవి రెండు. ఆపమనే గుర్తు ఒక్కటే పెట్టుకోకూడదు, ఆ చెయ్యి ఇంకో పనిలో ఉండొచ్చు. రెండోది, మొహానికి అంటించేదాన్ని పొదుపు చెయ్యకూడదు. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్ళూ స్పిరిట్ గమ్‌లో నీటిచుక్క కలపలేదు. మిగతా సీసాలన్నిటిలోనూ కలిపాను.