మా వీధి మాలిఫై మాస్టారు

మా వీధి మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడ ఇద్దరు అరుచుకుంటున్నా మధ్యలో దూరి, మాలిఫై అనే ఇంగ్లీషు మాటకు అర్థం, పుట్టుక, వాడుక మూడూ చెప్పేదాకా కదలరు. నిజానికి ఆయన మాస్టారు కారు. అచ్చాపీసులో ముప్పై ఏళ్లు నిఘంటువుల ప్రూఫులు దిద్ది, అన్ని వేల మాటల్లో ఈ ఒక్కదాన్నే వెంటపెట్టుకుని ఇంటికొచ్చారు. కుళాయి దగ్గర తగవు తీర్చబోతే బిందె ఎగిరొచ్చి నుదుటికి తగిలింది. కట్టు కడుతున్న కాంపౌండరుకూ పాఠం తప్పలేదు: "గాయాన్ని మాలిఫై చేశాననకు నాయనా, మనిషినే అనాలి."

అలాంటాయన కంట్లో దర్జీ అక్కాచెల్లెళ్ల గొడవ పడకుండా ఉంటుందా?

అక్క కత్తిరిస్తుంది, చెల్లి కుడుతుంది. అక్కకు మోకాళ్లు వంగవు, మిషను తొక్కలేదు. చెల్లి కత్తెర పడితే గుడ్డ వంకర్లు పోతుంది. ఆ వారం అక్క గుడ్డ తిరగేయడం మరిచి, పన్నెండు చొక్కాలకూ రెండేసి ఎడమ చేతులే కత్తిరించింది. చెల్లి చూసుకోకుండా కుట్టేసింది.

"నీ కళ్లెక్కడ పెట్టుకుని కత్తిరించావే?"

"నువ్వు కుట్టేటప్పుడు పెట్టుకున్నచోటే."

మాట పెరిగి, ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. చెల్లి మిషను వేరే కొట్టుకు మార్చేస్తానని బండి మాట్లాడింది. మిషను గడప దాటితే ఇద్దరి బతుకూ వీధిన పడుతుందని అక్కకు తెలుసు. వద్దనడానికి మాత్రం నోరు రాదు.

బండి గుమ్మంలో ఆగగానే మాస్టారు వచ్చి, మిషను బల్ల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్నారు.

"లేవండి పెద్దాయనా," అంది చెల్లి.

"చెప్పి లేస్తానమ్మా. మాలిఫై అంటే కోపంగా ఉన్న మనిషిని మెత్తబరచడం. ఇక పుట్టుక. లాటిన్‌లో మోలిస్ అంటే మెత్తన..."

"మా కాలర్లు బిర్రుగా నిలబడాలండీ. మెత్తనివి మాకెందుకు?"

"కాలరును అనకూడదు తల్లీ. వాడుకలు మూడు. ఒకటి, అక్కను చెల్లి మాలిఫై చేసింది. రెండు, చెల్లిని అక్క..."

"అక్కా, ఈయన్ని దించవే."

"నువ్వు ఆ రెక్క పట్టు, నేనీ రెక్క పడతా," అంది అక్క.

వారం తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలవి. చెరో రెక్కా పట్టి ఆయన్ను దించి, గుమ్మం దాటించి, నడుములు పట్టుకుని నవ్వేశారు. చెల్లి ఒక చొక్కా లాక్కుని చేతి కుట్లు విప్పడం మొదలెట్టింది. అక్క కుడి చేతులకు గుడ్డ తిరగేసి పరిచింది.

బండివాడు తాడు చుట్టేసుకుంటున్నాడు.

"మిషను ఎక్కించొద్దని నేను చెప్పలేదుగా, అప్పుడే సర్దేస్తున్నావేం?" అంది చెల్లి.

"మాస్టారు ముందే చెప్పారమ్మా. మీరిద్దరూ కలిసి ఆయన్ను బయటికి గెంటేదాకా ఆగి, ఆ తర్వాత వెళ్లిపొమ్మన్నారు. ఈ వీధినుంచి ఖాళీ బండితో పోవడం నాకిది నాలుగోసారి."

అక్క కత్తెర పక్కన పెట్టి, కుంటుకుంటూ గుమ్మంలోకొచ్చింది.

"మాస్టారూ, మూడో వాడుక చెప్పకుండానే పోతున్నారే. రండి, కూర్చుని చెబుదురుగాని."

ఆయన వెనక్కి తిరిగి, నలిగిన చొక్కా సర్దుకున్నారు.

"మీకు రెండింటితోనే సరిపోయిందిగా తల్లీ. మూడోది మొండిఘటాలకి."