నోటీసులు చదివే గది

దెయ్యం గొంతు విన్నామని ఎవరైనా చెబితే, ముందు చెవులు పరీక్ష చేయించుకోమనే మనిషిని నేను. ఇది వెటకారం కాదు, నా వృత్తే అది. తిరుపతిలో వినికిడి పరీక్షలు చేసే చిన్న క్లినిక్ నాది. చెవి పోయినవాళ్ళకు లేని శబ్దాలు వినిపించడం మాకు కొత్త కాదు. ఈల, గుడిగంట, పాత పాట, ఎప్పుడో పోయిన అత్తగారి పిలుపు, అన్నీ విన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. బయటి శబ్దం అందకపోతే మెదడు ఊరికే ఉండదు, తనే ఏదో ఒకటి కల్పించుకుంటుంది. అందరికీ అదే చెప్పి పంపేదాన్ని. నాకు జరిగింది కూడా అదేనని నమ్మగలిగితే ఇది రాసే అవసరమే ఉండేది కాదు.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. మా పరీక్షకు బయటి చప్పుడు బొత్తిగా రాని గది కావాలి. కొత్తగా కట్టించాలంటే ఎంతవుతుందో విని, బ్యాంకులో అప్పు అడగకుండానే మెట్లు దిగి వచ్చేశాను. అప్పుడే రేణిగుంట రోడ్డు వైపు ఒక పాత టీవీ స్టూడియో ఖాళీగా పడి ఉందని తెలిసింది.

మా జిల్లా వార్తలు ఇచ్చే లోకల్ ఛానల్ ఒకటి అందులో నడిచేది. రాష్ట్రమంతా కనబడే పెద్ద ఛానల్ కావాలని రాజధాని వైపు వెళ్ళిపోయింది. కెమెరాలు, లైట్లు, కుర్చీలు లారీ ఎక్కాయి. చప్పుడు రాకుండా గోడలకు, తలుపులకు వేసిన మెత్తలు మాత్రం ఎక్కలేదు. వాటిని ఊడదీసి తీసుకెళ్ళడం కన్నా అక్కడ కొత్తవి వేయించుకోవడమే చవక అని లెక్క తేలిందట. ఉన్నవి ఉన్నట్టే వదిలేసి పోయారు.

సామాన్ల ఖర్చుకు లెక్క వేశారు గానీ మనుషుల ఖర్చుకు ఎవరూ లెక్క వేయలేదు. పిల్లల బడి మార్చలేనివాళ్ళు, మంచంలో ఉన్న తల్లిని వదిలి పోలేనివాళ్ళు ఇక్కడే ఉండిపోయి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. స్టూడియోలో ఫ్లోర్ మేనేజరుగా చేసిన మునిరత్నం అన్న వాళ్ళలో ఒకడు. ఇప్పుడు నా క్లినిక్‌లో పేషెంట్లకు టోకెన్లు ఇస్తాడు.

ఒక్క కిటికీ లేని బిల్డింగు అది. పెళ్ళిళ్ళ హాలుకని, కోచింగ్ సెంటరుకని, గోడౌనుకని చూపించి చూపించి ఓనరు విసిగిపోయాడు. నేను అడిగిన అద్దెకే తాళాలు చేతిలో పెట్టాడు. నాకు లాటరీ తగిలినట్టే అనిపించింది. పరీక్షకు కావలసిన గది ఉంది, పక్కనే కంట్రోల్ రూము, రెండింటికీ మధ్య పెద్ద అద్దం. తలుపు మీద ఎర్ర బల్బు కూడా వాళ్ళదే. అది వెలిగితే లోపలికి ఎవరూ రాకూడదు. నేనూ దాన్ని అందుకే వాడుకున్నాను.

పరీక్ష సులువే. పేషెంటు లోపల హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటారు. అద్దం ఇవతల నుంచి నేను సన్నటి శబ్దాలు పంపిస్తాను. వినపడినప్పుడల్లా వేలు ఎత్తాలి, అంతే.

మొదట అలా వేలు ఎత్తింది చంద్రగిరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. నేను అప్పటికి ఏ శబ్దమూ పంపలేదు. ఆవిడ ఎత్తిన వేలు దించలేదు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తల పక్కకు వంచి కూర్చుంది. రెండు చెవులూ దాదాపు పూర్తిగా పోయిన మనిషి. చెవిలో హోరు అయి ఉంటుందని మందులు రాసే డాక్టరు దగ్గరికి పంపేశాను.

తర్వాత ఒక లారీ డ్రైవరు. ఆ తర్వాత రిటైరైన ఒక టీచరు. ఇంకా కొందరు. వాళ్ళందరిలో ఒకే పోలిక ఉందని నాకు ఆలస్యంగా తట్టింది. అందరూ చెవులు పూర్తిగా పోయినవాళ్ళే. అందరూ మధ్యాహ్నం, అన్నాల వేళకు ఆ గదిలో కూర్చున్నవాళ్ళే. కొద్దో గొప్పో వినపడేవాళ్ళలో ఒక్కరు కూడా అలా వేలు ఎత్తలేదు.

మెషీను బాగు చేసేవాళ్ళను పిలిపించాను. వైర్లన్నీ మార్పించాను. చివరికి నేనే లోపల కూర్చుని తలుపు వేయించుకున్నాను. నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

మునిరత్నం అన్నకు ఈ మాట చెప్పాను. "ఆ టయానికి నోటీసులు సదివేది మేడమ్" అన్నాడు.

మా వైపు లోకల్ ఛానల్ చూసినవాళ్ళకు ఇది తెలిసిందే. మధ్యాహ్నం వార్తలు అయిపోగానే పుట్టినరోజు శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి చదువుతారు. ఇంటివాళ్ళు ఫోటో, పేరు, ఊరు ఇస్తే చాలు. ఒక పాప పుట్టినరోజు, వెంటనే ఒక తాత చావు, మళ్ళీ ఒక పుట్టినరోజు. ఈ ఛానల్‌లో హేమలత అనే న్యూస్ రీడర్ చదివేది. రెండూ ఒకే గొంతుతో, ఒకే తీరుగా చదవడం ఆమె అలవాటు.

ఆమె చనిపోయిందా అని అడిగాను. నా నోట ఆ ప్రశ్న వచ్చినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

"సచ్చిపోయేదేంది మేడమ్, బంగారట్టం ఉండాది. సూడండి" అని రిసెప్షన్‌లో టీవీ పెట్టాడు. తెర మీద ఆమే ఉంది. ఎక్కడో కొత్త స్టూడియోలో కూర్చుని రాష్ట్రం వార్తలు చదువుతోంది. నోటీసులు లేవు. పెద్ద ఛానల్ అయ్యాక నగరివాళ్ళ పేర్లు, పుత్తూరువాళ్ళ పేర్లు చదివే తీరిక వాళ్ళకు లేదు. దెయ్యమని అనుకుందామన్నా ఇక్కడ చచ్చినవాళ్ళే లేరు.

అంతటితో వదిలేసేదాన్ని, మా నాయన లేకపోతే.

నాయన నగరిలో బతుకంతా మరమగ్గాల మీద పనిచేశాడు. ఆ షెడ్డులో పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు. అలా కొంచెం కొంచెంగా చెవులు పోయి, చెవి మిషన్ పెట్టినా పనిచేయని దాకా వచ్చింది. కూతురు చెవుల డాక్టరమ్మ, తండ్రికి చెవుల్లేవు అని వీధిలో నవ్వుకునేవాళ్ళు. నేను ఈ చదువు చదివిందే ఆయన కోసం. అయినా ఆయనకు ఏమీ చేయలేకపోయాను. తమ్ముడి ఇంట్లో ఉంటాడు. పిల్లలు నవ్వితే ఎందుకో తెలియకుండానే తనూ నవ్వేవాడు, కొన్నాళ్ళకు ఆ నవ్వు కూడా మానేశాడు. పెదాల కదలిక చూసి నా మాట ఒక్కటే పట్టుకోగలడు.

ఆయన పరీక్షకు వచ్చినప్పుడు కావాలనే మధ్యాహ్నం దాకా ఆపి ఆ గదిలో కూర్చోబెట్టాను. హెడ్‌ఫోన్ వైరు పీకేసి పక్కన పెట్టాను. నాయన కాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత వేలు ఎత్తాడు. ముఖమంతా విచ్చుకుంది.

బయటికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "పాపా, ఆ యమ్మ. షెడ్డులో టీవీలో నోటీసులు సదివే యమ్మ. ఆ యమ్మ గొంతు యినపడింది నాకు" అన్నాడు. చెవులు బాగున్న రోజుల్లో మగ్గాలు ఆపి అన్నం తినేటప్పుడు రోజూ విన్న గొంతు. ఎన్నో ఏళ్ళ తర్వాత మా నాయనకు ఒక మనిషి మాట వినపడింది. నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను. భయం తర్వాత వచ్చింది.

"మన ఏకాంబరం పేరు సదివింది. ఏం నోటీసో తెలీలేదు. ముందరి మాటలు అందవు, పేరూ ఊరూ గెట్టిగా అంటాది గదా, అవే అందినాయి" అన్నాడు నాయన. ఏకాంబరం ఆయన పక్క మగ్గం మీద చేసిన మనిషి. ఆ వారంలోనే నిద్రలో పోయాడు.

ముసలాయన, పోయే వయసే అనుకున్నాను. తర్వాతిసారి తమ్ముడి పక్కింటి పాప పేరు వినపడిందన్నాడు. నాకు అన్నం సయించలేదు. కొన్నాళ్ళకు ఆ పాప పుట్టినరోజు వచ్చింది, వీధంతా చాక్లెట్లు పంచింది, ఇప్పుడు శుభ్రంగా బడికి పోతోంది. నా పిచ్చికి నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత మా బంధువుల అబ్బాయి పేరు. నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని. డ్యూటీ దిగి వస్తూ హైవే మీద యాక్సిడెంటులో పోయాడు. అప్పటి నుంచి నవ్వు రాలేదు.

గదికి తాళం వేయాలని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ నాయన మారిపోయాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వారం వారం నగరి నుంచి బస్సెక్కి వచ్చేవాడు. మునిరత్నం అన్నతో గంటలు గంటలు మాట్లాడేవాడు, అన్న జవాబు వినపడకపోయినా సరే. పేర్ల సంగతి ఆయనకూ అర్థమైంది. అయినా ఆ గొంతు వదులుకోలేకపోయాడు. దేవుడు ఆయనకు మిగిల్చిన ఒక్క గొంతునూ నా చేతులతో మూసేయడం నాకు చేతకాలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన లోపల ఉండగా నేను అద్దం దగ్గరే ఉన్నాను. వేలు ఎత్తాడు. ఎప్పటిలా ముఖం విచ్చుకోలేదు. ఎత్తిన వేలు మెల్లగా దించి, అద్దంలోంచి నన్ను చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు.

బయటికి వచ్చాక ఎవరి పేరు నాయనా అని అడిగాను. నా పెదాలను చూశాడు. అర్థమైందని నాకు తెలుసు. ముఖం గోడవైపు తిప్పుకుని, "నాకు యినపళ్ళేదు పాపా" అన్నాడు. ఆయన తన చెవుడును సాకుగా చెప్పడం నా ఎరుకలో అదే మొదలు.

మళ్ళీ ఆ గదిలోకి పోలేదు. నగరికీ పోలేదు. మా ఇంట్లోనే ఉండిపోయాడు. పొద్దున నాతో క్లినిక్‌కు వస్తాడు, సాయంత్రం నాతోనే తిరిగి వస్తాడు. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటాడు, చిన్నపిల్లనైనట్టు. స్కూటీ తీయనివ్వడు. రాత్రి లేచి చూస్తే నా గది గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకుని ఉంటాడు.

ఒక రోజు నా ఆధార్ కార్డు చూపించమన్నాడు. పుట్టిన తేదీ మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఆ తేదీ వచ్చేసరికి తెల్లవారకముందే లేచి, తిరుపతి వీధులన్నీ తిరిగి కేకు తెచ్చాడు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కేకు కోసింది లేదు. మునిరత్నం అన్నకు, పేషెంట్లకు, ఎదురుగా టీ కొట్టు వాళ్ళకు అందరికీ ముక్కలు పంచాడు. ఆ రోజంతా మనిషి తేలికగా ఉన్నాడు. నాకూ గుండె మీద బరువు దిగింది. ఇక అయిపోయింది, రేపో ఎల్లుండో నగరికి పోతాడు అనుకున్నాను.

సాయంత్రం మంచం మీద కూర్చుని, మిగిలిన కేకు ముక్క వైపు చూస్తూ, "నువ్వు పుట్టింది ఈపొద్దు గాదు పాపా" అన్నాడు.

బళ్ళో చేర్చేటప్పుడు తేదీ గుర్తులేక, అయ్యోరు అడిగితే నోటికొచ్చింది చెప్పాడట. మా కాలంలో సగం మంది పుట్టినరోజులు అలా బళ్ళో పుట్టినవే. అసలు తేదీ అమ్మకు తెలుసు, అమ్మ లేదు. వానల్లో పుట్టానని, ఆ రోజు మగ్గాల షెడ్డులోకి నీళ్ళు వచ్చాయని మాత్రం ఆయనకు గుర్తు.

నాకు తెలిసిన శాస్త్రం అంతా తిరగేశాను. పీకేసిన వైరులోంచి, చెవుల్లేని మనిషికి, ఎక్కడో బతికున్న మనిషి గొంతు ఎలా వినపడిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజు విన్న పేరు ఎవరిదో నాయన చెప్పడు, నేనూ అడగను. మధ్యాహ్నం ఆ గదిలో ఎవరినీ కూర్చోబెట్టడం లేదు.

ఇంకా ఎండలే. ఇంటికి ఎప్పుడు పోతావు నాయనా, పిల్లలు అడుగుతున్నారని తమ్ముడు ఫోన్ చేశాడని చెబితే, ఆకాశం వైపు చూసి ఒకటే మాట అంటాడు.

"వానలు అయిపోనీ పాపా, పోతాను."