లక్ష్మీరాజం సార్ కంప్యూటరుకు నాలుగు ఫ్లాపీలు

ఎల్లారెడ్డి ఊరి పిల్లలకు కంప్యూటరంటే ఏమిటో ముందుగా చూపించింది లక్ష్మీరాజం సార్. ఆయన కంప్యూటర్ సెంటర్ మూతపడి చాలా ఏళ్లయింది గానీ, అందులోని పాత ఎక్స్‌టీ కంప్యూటర్ మాత్రం ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన, కొత్తల్లుడిలా తిష్ట వేసింది. సరిగ్గా ఆ కిటికీ వెలుతురే ఆయన భార్య కమలవ్వకు కావాలి. ఆమె బీడీలు చేస్తుంది. అరుగు మీద కూర్చుంటే వానజల్లుకు తంబాకు తడిసిపోతుంది. ఆ డబ్బాను తుక్కు సామాను వాడికి ఇచ్చేయమని ఆమె పోరు పెట్టని రోజు లేదు.

చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. దసరా తర్వాత కామారెడ్డిలో ఒక కాలేజీ పాత కంప్యూటర్ల ప్రదర్శన పెట్టింది. సార్ దగ్గర చదువుకున్న తార అక్కడ లెక్చరర్, ఆమే పిలిచింది. అక్కడ అందరి ముందూ కంప్యూటర్ తన వివరాలు సరిగ్గా చెబితే ఇంట్లో ఉంటుంది, తప్పు చెబితే తుక్కు బండి ఎక్కుతుంది. సార్ మీసం మెలేసి మరీ ఒప్పుకున్నాడు.

అది చెప్పాల్సింది పెద్ద విద్యేమీ కాదు, తన ఒంట్లో ఏమేం ఉన్నాయో చెప్పాలి, అంతే. కానీ ఆ కాలపు యంత్రానికి తనను తాను వెతుక్కునే తెలివి తక్కువ. లోపలి బోర్డు మీద వరుసగా చిన్న తెల్ల స్విచ్చులుంటాయి. ఫ్లాపీ డ్రైవులెన్ని, మానిటర్ ఏ రకం అన్నది బిగించినవాళ్లే ఆ స్విచ్చులతో చెప్పాలి. కరెంటు రాగానే ముందుగా పనిలోకి దిగే బయోస్ అనే లోపలి ప్రోగ్రామ్ వాటిని చదివి గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఏ ప్రోగ్రామైనా ఇంటరప్ట్ ఎలెవెన్ హెచ్ అనే పిలుపుతో అడిగితే అదే జవాబు అప్పజెబుతుంది. కొత్త అధికారి ఇల్లిల్లూ తిరగకుండా ఊరి లెక్కలు రాసే పంచాయతీ కారోబార్‌ను అడిగి రాసుకున్నట్టే. సార్ రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ ఆ జవాబును తెర మీద చూపిస్తుంది.

దసరా నాడు సార్ దుమ్ము దులపడానికి దాని మూత తీసి పెట్టాడు. ఎంత పోట్లాడినా, పండుగ పూట ఇంట్లో ఏ పనిముట్టూ బొట్టు లేకుండా ఉండడం కమలవ్వకు గిట్టదు. కత్తెరకూ కొడవలికీ పెట్టినట్టే దానికీ లోపలా బయటా నిండుగా కుంకుమ పెట్టింది. సార్ ఆ సంగతి చూడకుండానే మూత బిగించేశాడు.

ప్రదర్శన రోజు మానిటర్ సార్ ఒళ్లో, డబ్బా కమలవ్వ ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లారు. తీర్పు కళ్లారా చూడాలని ఆమె కూడా బయల్దేరింది. హాలు నిండా పిల్లలు. సార్ ప్రోగ్రామ్ నడిపించాడు. ఫ్లాపీ డ్రైవులు నాలుగు అని తెర మీద వచ్చింది. ఎదురుగా కనిపించేది ఒక్కటే. పిల్లలు గొల్లుమన్నారు. మిగతా మూడూ ఎక్కడ దాచారని ముందు వరుసలోని అమ్మాయి ఎంతో మర్యాదగా అడిగింది.

తార మూత విప్పింది. స్విచ్చుల వరుస చివర ఎర్రటి వేలిముద్ర, దాని కింద ఫ్లాపీల లెక్క చెప్పే రెండు స్విచ్చులు అటు నుంచి ఇటు ఒరిగి ఉన్నాయి. సార్ తలెత్తి భార్య వంక చూశాడు. ఆమె ముఖం పాలిపోయింది. గెలవాలని ఆమెకున్న మాట నిజమే గానీ, ఇంతమందిలో భర్త నవ్వులపాలు కావాలని ఎన్నడూ కోరుకోలేదు. ఆమె పేరు చెబితే ఆయన బయటపడేవాడే. చెప్పలేదు.

"ఇది అబద్ధమాడలే పిల్లలూ. చెప్పినోళ్లు నాలుగని చెప్పిండ్రు, ఇది నమ్మింది" అన్నాడు. స్విచ్చులు సరిచేసి మళ్లీ నడిపిస్తే బుద్ధిగా ఒకటని చూపించింది. ఈసారి చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో సార్ ఒప్పందం ఒప్పందమేననీ, రేపే తుక్కు బండి వాణ్ని పిలుస్తాననీ అన్నాడు. అంటూనే ఒళ్లోని మానిటర్ మీది దుమ్మును చేత్తో తుడిచాడు. కమలవ్వ ఒళ్లోని డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"కిటికీ కాడి నుంచి జరుపు గని, ఇండ్ల ఉండనియ్యి. నేను ఏలు వెట్టి నాలుగంటే నాలుగే అన్నది. ఇన్నేండ్లల్ల నా మాట గట్ల ఇన్నది గిదొక్కటే" అన్నది.