గడప ముందరి పసుపు నీళ్లు

శ్రీరస్తు. పసిచేతికి పలకనిచ్చి పలుకునిచ్చే బాసర తల్లికి మనసులోనే మ్రొక్కి, హేవిళంబి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి, సోమవారం నాడు ఈ నాలుగు మాటలు రాయపూనుకున్నాను. అరవై ఏండ్లకొకమారు తిరిగివచ్చే ఈ సంవత్సరం నా తొమ్మిదవ యేట ఒకసారి వచ్చి వెళ్లింది. ఆ యేటి ఒక పగటిని ఇంతకాలం ఎవరికీ చెప్పుకోలేదు.

మా వీధి చివరి కళ్లంలో పొద్దటినుండి పసుపుకొమ్ములు ఉడుకుతున్నాయి. తడిమట్టి, పొగ, పచ్చిదనం కలిసిన ఆ ఘాటైన వాసన కిటికీలోనుండి వచ్చి నా పుస్తకాల మీద కూర్చున్నది. ఊరిలో అందరికీ అది పంట చేతికొచ్చిన వాసన. నాకు మాత్రం అది ఒక రాగిచెంబు బరువు.

మా బాపు ఉట్నూరు అడవుల నడుమ ఒక గోండుపల్లెలో బడిపంతులు. నేను ఊహ తెలిసి కండ్లు తెరిచింది అక్కడే. చైత్రంలో తెల్లవారేసరికి ఇప్పచెట్ల కింద నేలంతా పాలముత్యాలు ఆరబోసినట్లు పూలు రాలి ఉండేవి. వాటి తీపివాసనకు ఆకలి వేసేది. దీపావళి దినాలలో నెమలిపింఛాల కిరీటాలు తలకెత్తుకొని గుస్సాడీలు ఆడుతుంటే డప్పుల మోతకు మా బడి తడికలు అదిరేవి. ఆ ఊరి పెద్ద మారు పటేలు. ఆయన వస్తున్నాడంటే బాపు చదువుతున్న పుస్తకం మూసి లేచి నిలబడేవాడు. ఇద్దరూ ఒకే నులకమంచం మీద కూర్చునేవారు. గోండుల ఇండ్లలో అతిథి కాళ్లు కడుక్కోనిదే లోపలికి రాడు. ఇంటి ఆడపడుచు చెంబుతో నీళ్లు తెచ్చి, వంగి కాళ్ల మీద పోసేదాకా వాకిట్లోనే ఆగుతాడు. పటేలు కూతురు సోంబాయి, నా ఈడుదే, నా కాళ్ల మీద ఎన్నిమార్లు నీళ్లు పోసిందో లెక్కలేదు.

పటేలును చూసి ఎందుకు లేస్తావని ఒకనాడు అడిగితే, బాపు ఇట్లా అన్నాడు: "గీ అడివికి ఒకప్పుడు ఆళ్లే రాజులు బిడ్డా. మనం తర్వాత అచ్చి, నిలువ జాగ అడిగి నిలిచినోళ్లం."

ఆ మాట నాకు నచ్చింది. అయితే ఆ పటేలు పందిట్లోనే, కింగ్రీ వాయిస్తూ ఆయన పూర్వులైన రాజుల కథలు పాడే పర్ధాను ముసలాయన వేరుగా, పందిరి బయట, తన పళ్లెం తాను తెచ్చుకొని తినేవాడు. అది నేను చూశాను కాని, చూసినట్లు నాకు తెలియడానికి చాలా ఏండ్లు పట్టింది.

బాపుకు బదిలీ అయింది. గోదావరి దాటి కరీంనగరం జిల్లాలోకి, జగిత్యాల దిక్కున ఉన్న మా బాపమ్మ ఊరికే వచ్చాము. బయలుదేరేనాడు మారు పటేలు బండి కాడి పట్టుకొని నిలబడ్డాడు.

"పంతులూ, పట్టా కాయితాలు అంటరు, వేలిముద్ర ఎయ్యిమంటరు. అండ్ల ఏం రాసిన్రో సదివెటోళ్లు మా ఊళ్లె ఒక్కలు లేరు. నా బిడ్డకు నాలుగక్షరాలు చెప్పు."

మా ఇంట్లో ఉంచుకొని చదివిస్తానని బాపు మాట ఇచ్చాడు.

జ్యేష్ఠ బహుళంలో తండ్రీకూతుళ్లు పడవ దాటి వచ్చారు. పటేలు తలకు తెల్లని కొత్త పటకా, చేతిలో ఆకుదొన్నె నిండా తేనె. బాపు బడిలో ఉన్నాడు. మా బాపమ్మ వచ్చిన బిచ్చగానికి పిడికెడు పెట్టనిదే తాను ముద్ద ముట్టని మనిషి. నా జ్వరానికి ఏడు రాత్రులు కూర్చున్న మనిషి. కొడుకు ఇచ్చిన మాట కాదనలేక, ఆ పిల్లకు బయటి అరుగు మీద చోటని అప్పటికే నిర్ణయించి ఉన్నది.

"ఆగుండ్రి, గాడనే ఆగుండ్రి. గడప తొక్కకుండ్రి," అన్నది.

పటేలు ఆగాడు. ఆగడం ఆయన మర్యాద. బాపమ్మ లోపలికి పోయి, రాగిచెంబులో పసుపు కలిపి తెచ్చి నా చేతికిచ్చి, నెమ్మదిగా చెప్పింది: "ఆళ్లు నిలవడ్డ కాడ సల్లు. మైల వోతది."

నేను దూరంగా నిలబడి చల్లాను. ఆ పచ్చని నీళ్లు నేలమీద పారుతూ పోతుంటే, మారు పటేలు చెప్పులు విడిచి, ఒక అడుగు ముందుకు వేసి, రెండు కాళ్లూ ఆ నీళ్లలో పెట్టాడు. పటకా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన కండ్లు తడిసినాయి.

"రాం రాం మాయీ. మేము ఉత్త నీళ్లే పోస్తం. నువ్వు పసుపు కలిపి పోపిచ్చినవ్. ఇగ నాకు బిడ్డ ఫికర్ లేదు."

పటేలు తేనెదొన్నె అరుగు మీద పెట్టి, పడవ వేళకు వెళ్లిపోయాడు. సోంబాయి తండ్రి పోయిన దారిని చూడలేదు. నా చేతిలోని చెంబును చూస్తున్నది.

"నువ్వు వంగలేదు," అన్నది.

ఆ సాయంత్రం బాపు గొంతు తగ్గించి, "ఆయనింట్ల నేను తిన్న అమ్మా," అన్నాడు. "ఆడ నువ్వేం తిన్నవో నేనడుగలే. ఈడ నలుగుట్ల బతుకుతున్నం," అన్నది బాపమ్మ. ఏటికి ఆవల లేచి నిలబడిన మా బాపు, ఈవల తల వంచుకొని కూర్చున్నాడు. ఈ గట్టువారు గోండును కట్టెలమోపు కింద, సంతలో తేనెకుండ వెనుక మాత్రమే చూశారు. వారిని నిలువ జాగ ఎన్నడూ అడుగలేదు. అట్లా నేను సమాధానం చెప్పుకున్నాను. బాపు మౌనానికి మాత్రం ఆ సమాధానం చాలలేదు.

సోంబాయి విస్తరి అరుగు మీదనే. బడిలో పిల్లలు, "అడివిల కోతులతోని ఆడినవానే?" అని నవ్వేవారు. "ఆడిన. మీకంటె మంచిగ ఆడుతయ్," అనేది, పలక మీదినుండి తల ఎత్తకుండా. మీ నాయనకు చెప్పరాదా అని నేనొకనాడు అడిగాను.

"చెప్తె తోల్కపోతడు. కాయితం ఎవలు సదువుతరు?"

దసరాకు మారు పటేలు మళ్లీ వచ్చాడు. వచ్చి, గడప ముందర తానే ఆగి, చెప్పులు విడిచి నవ్వుతూ ఎదురుచూశాడు. బాపమ్మ చెంబు తెచ్చి నాకందించబోయింది. అరుగు మీదినుండి సోంబాయి దిగివచ్చి, ఆ చెంబును మా ఇద్దరి చేతుల నడుమనుండి తీసుకున్నది. వంగి, తండ్రి కాళ్ల మీద ఒక ధారగా పోసి, తన కొంగుతో తుడిచింది. చివరి చుక్కదాకా పోసింది; నేలమీద చల్లడానికి ఏమీ మిగలలేదు. పటేలు బాపమ్మ దిక్కు తిరిగి చేతులు జోడించాడు. బాపమ్మ చేతులు సగం లేచి, ఆగి, కొంగు సర్దుకున్నవి.

ఆ గడప లేదు, అరుగు లేదు, పడవరేవు లేదు. చెంబు నా దగ్గర ఉన్నది. దానిలో నేను పసుపు కలపను.

1958 వేసవిలో సోంబాయి అక్షరాలు కూడబలుక్కొని చదవడం నేర్చి తన ఊరికి వెళ్లి, ఇంట్లోని పట్టా కాగితం చదివింది. చేను అప్పటికి రెండేండ్లుగా మరొకరి పేర ఉన్నది. 1968లో బాపు వెంట నేను ఉట్నూరు వెళ్లినప్పుడు, ఆ చేను కోసం కచేరీ వాకిట్లో మారు పటేలు నిలబడి ఉన్నాడు. మా బాపు తప్ప ఎవరూ లేవలేదు.